తల్లిగారు వచ్చేదాకా

మా అవ్వ దొడ్డ మనిషి అని నిజామాబాద్‌లో మా వాడంతా చెప్పుకునేది. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అంటాం. ఆమె కడుపున పుట్టినదాన్ని కాబట్టి ఆ మాటలో సగం నిజమని నాకు తెలుసు. మిగతా సగం గురించి రాయడానికి ఆమె పోయేదాకా ఆగాను. మర్యాద కోసం ఆగానని చెప్పుకుంటే బాగుంటుంది. కాని భయపడి ఆగాను.

మాకు రెండు గదుల పెంకుటిల్లు, పక్కనే కిరాయికిచ్చే ఒక చిన్న గది ఉండేవి. మా నాన్న, మేం బాపు అంటాం, గంజ్ మార్కెట్‌లో పసుపు తూకం వేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన కనుబొమలు కూడా పచ్చగా ఉండేవి. అవ్వ వాడకట్టు ఆడవాళ్లను అరుగు మీద పోగేసుకుని బీడీలు చుట్టేది. నేనూ బడి మానేసిన దగ్గర్నుంచి చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించేదాన్ని. బీడీలు చుట్టే అరుగంటే ఊరి కచేరీ లాంటిది. చేతులకు పని, నోటికి తీరిక. ఎవరింట్లో ఏం ఉడికిందో, ఎవరి కడుపులో ఏం మండుతోందో అక్కడ తేలిపోయేది.

అరవై అయిదో, అరవై ఆరో, సరిగ్గా గుర్తులేదు, ఒక ఎండాకాలం ఆ చిన్న గదిలోకి బర్మా నుంచి వచ్చిన ఆలుమగలు దిగారు. ఆమెకు ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఇద్దరూ రంగూన్‌లోనే పుట్టారు. వాళ్ల తాతలు ఎప్పుడో శ్రీకాకుళం దిక్కు నుంచి ఓడెక్కి పోయినవాళ్లు. అక్కడి సర్కారు మారి, మన వాళ్ల దుకాణాలూ కొలువులూ పోయాక, చేతికి దొరికింది పట్టుకుని మళ్లీ ఓడెక్కారు. సొంత ఊరు కదా అని ముందు తాతల ఊరికి పోతే అక్కడి పెదనాన్నలు గడపలో నిలబెట్టే మాట్లాడారట.

"మేం భూమి పంపకానికొచ్చినామనుకున్నారు పిన్నీ. మంచినీల్లిచ్చినారు గాని కూకోమన్లేదు" అని ఆమె మా అవ్వకు చెప్పింది.

బోధన్ దిక్కు చెరకు సీజన్‌లో పని దొరుకుతుందని ఎవరో చెబితే ఇటు వచ్చారు. రంగూన్ రేవులో మూటలు మోసిన మనిషికి చెరకు మోయడం ఒక లెక్క కాదు. అతను మూడో రోజే పనిలో పడ్డాడు. ఆమె మాత్రం పడలేదు.

వాళ్ల సామానంతా ఒకటే చెక్కపెట్టె. కొబ్బరితాడుతో నాలుగు పక్కలా కట్టి ఉండేది. మూడు నెలలు ఆ తాడు విప్పలేదు. వంటకు అవ్వ ఇచ్చిన గిన్నెలు, కట్టుకోవడానికి ఒంటి మీది చీర, తాడు సందులోంచి లాగిన ఇంకో చీర. మధ్యాహ్నం రైలు కూత వినగానే లేచి పెట్టె పక్కన నిలబడేది. రైలు పోయాక మళ్లీ గడపలో కూర్చునేది. ఏదో చెట్టు బెరడు ముక్కను రాతి మీద అరగదీసి బుగ్గలకు పూసుకునేది. అది వాళ్ల దేశపు అలవాటట. ముక్క అరిగి గోరంత అయ్యాక పూసుకోవడం మానేసి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేది.

వాడకట్టు ఊరుకుంటుందా. గాలి సోకిందన్నారు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. హకీం సాబ్ ఏదో షర్బత్ ఇచ్చాడు, తియ్యగా ఉందని మేమూ తలా గుక్క తాగాం. తాయెత్తు వల్ల నష్టమేమీ జరగలేదు. కొత్తగా వచ్చిన మనిషి బెంగను తగ్గించడానికి అంతకంటే ఎక్కువ విద్య అప్పట్లో మా ఊళ్లో ఎవరికీ లేదు.

అవ్వకు ఉండేది, అది ఒప్పుకోవాలి. ఒకరోజు పొద్దున ఆమె గది ముందుకు పోయి, చెయ్యి పట్టి అరుగు మీదికి లాక్కొచ్చి, ఒళ్లో చాట పెట్టింది.

"కొత్తజాగ గదా, బుగులు పడ్డవు. చేతులూకె ఉంటే మనుసు గాడికే పోతది. సుట్టు" అంది.

ఆమె రంగూన్‌లో చుట్టలు చుట్టే కొట్టంలో పనిచేసిందట. అలవాటైన వేళ్లు ఊరుకోవు. మొదటి రోజు ఆమె చుట్టిన బీడీలు బొటనవేలంత లావుగా వచ్చాయి. ఒక్కో దాంట్లో నాలుగింటి తంబాకు. అరుగంతా పడీ పడీ నవ్వింది. ఆమె మా మొహాలు చూసి, తన చేతిలోది చూసి, తనూ నవ్వింది. మేం ఆమె పళ్లు చూడటం అదే మొదలు. నెల తిరిగేసరికి మా అందరికంటే సన్నగా, గట్టిగా చుట్టేది. కార్ఖానాలో ఏరివేతకు పోయే బీడీ ఆమె కట్టలో ఒక్కటీ ఉండేది కాదు. వాడంతా ఆమెను బర్మా అక్క అనడం మొదలుపెట్టింది. మా అవ్వను పిన్నీ అని కాకుండా అవ్వా అని పిలవడం ఆమెకు అప్పుడే అలవాటయింది. అలవాటు చేసింది అవ్వే.

"పిన్ని గిన్ని ఏంది? నా బిడ్డ లెక్కనే ఉన్నవు. అవ్వ అను. ఆయినెను బాపు అను."

అంది, అనిపించింది. నాకు ఆమె అక్క అయింది, ఆమెకు నేను చెల్లెనయ్యాను. ఆమె నా తల దువ్వేది, నేను ఆమెకు మా మాటలు నేర్పేదాన్ని. కూకో అంటే కాదు, కూసో అనాలని చెబితే, "మీ తెలుగు నాకు మరో బర్మా బాస" అనేది.

అలా ఉండగా వైజాగ్ దిక్కు నుంచి ఆమె అన్న జాబు రాశాడు. బర్మా నుంచి వచ్చినవాళ్ల కోసం సర్కారు అక్కడ కాలనీ కడుతోందట. తనకు ఇల్లు వచ్చిందట. పేర్లు రాయిస్తే మీకూ వస్తుంది, ఆలస్యం చేస్తే దొరకదు, వెంటనే రండి అని. ఆమె మొగుడు ఆ రోజే బయల్దేరదామన్నాడు. ఆమెకు కాలు నిలవలేదు, కదలలేదు. జాబు పట్టుకుని అవ్వ దగ్గరికి వచ్చింది.

"అక్కడ అందరూ మాలాంటోల్లే అవ్వా. అందరూ ఏడుత్తూనే ఉంటారు. ఇక్కడ నువ్వున్నావు. ఎల్లమంటావా, ఉండమంటావా?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన మనిషి మా అవ్వ. ఆమె ఆగలేదు. ప్రేమ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆ పిల్లంటే ఆమెకు నిజంగానే ప్రాణం. అయితే ఇంకోటి కూడా ఉంది. దిక్కులేని పిల్లను చేరదీసిన మహాతల్లి అని నీళ్ల నల్లా దగ్గర, కార్ఖానా దగ్గర నలుగురూ అనుకోవడం ఆమెకు రుచి తగిలింది. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో పెట్టే గుణం ఆమెది. బాపు చెల్లెలు ఏడాదికోసారి వచ్చినా మొహం ముడుచుకునే మనిషి, బర్మా అక్కకు మాత్రం వేడి రొట్టె మీద నెయ్యి వేసి పెట్టేది.

"యాడికీ పోవొద్దు. తల్లిగారిల్లు ఈడ పెట్టుకోని ఆడికెందుకు పోతవు? వచ్చే శుక్రారం నీకు ఒడిబియ్యం పోస్త" అంది అవ్వ.

ఒడిబియ్యం అంటే తెలియనివాళ్లకు చెబుతాను. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టినింటివాళ్లు పిలిచి, కొత్త చీర పెట్టి, పీట మీద కూర్చోబెట్టి, ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. దోసిళ్లతో పోస్తారు. అందులో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు, రవికె గుడ్డ. పుట్టినింటిని మేం తల్లిగారు అంటాం. తల్లిగారు పోస్తేనే ఒడిబియ్యం. వేరేవాళ్లు పోస్తే అవి ఉత్త బియ్యం.

ఆ శుక్రవారం మా ఇల్లు పెళ్లిల్లులా ఉంది. ఆకుపచ్చ చీరలో బర్మా అక్క తూర్పు మొహం పెట్టుకుని కూర్చుంది. అవ్వ దోసిలి పట్టి అయిదుసార్లు పోసింది. పుట్టినిల్లు ఖాళీ కాకూడదని ఆమె తిరిగి మూడు పిడికిళ్లు అవ్వ కొంగులో వేసింది, మేం నేర్పినట్టే. బియ్యం మూట నడుముకు కట్టుకుని లేచి గడపకు మొక్కి, అక్కడే కూలబడి ఏడ్చింది. చూస్తున్న ఆడవాళ్లందరూ ఏడ్చారు. బాపు కూడా కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఇగ నీకు ఏ కష్టమొచ్చినా ఈ గడప నీది బిడ్డా" అంది అవ్వ, అందరూ వినేట్టు.

పక్కింటి ముసలామె ఒక్కతే ఏడవలేదు. ఆమె నోరు మంచిది కాదని వాడలో పేరు.

"ఒళ్లె బియ్యం పోసుడు అల్కనే, కష్టమేం లేదు. ముంగట పడేటియి గూడ పిల్లకు జెప్పు. దానికి ఎరుకలేదు" అంది.

"ఏం పడతయి? నేను లేనా?" అని అవ్వ ఆమె నోరు మూయించింది.

మర్నాడు బీడీలు చుడుతూ బర్మా అక్క నన్ను అడిగింది, ముసలామె అన్న మాటకు అర్థం ఏమిటని. నాకప్పుడు పదిహేనేళ్లు. తెలిసింది చెప్పడమంటే మహా సరదా. వేళ్లు ముడుస్తూ చెప్పాను. మొదటి కాన్పు తల్లిగారింట్లో కావాలి. కొన్నేళ్లకోసారి మళ్లీ ఒడిబియ్యం. అలిగి వచ్చేస్తే అన్నం పెట్టి, నాలుగు రోజులు ఉంచుకుని, వెంటబోయి దిగబెట్టి రావాలి. ఇక ఆఖరుది, మొగుడు పోతే చీర, గుడ్డ తెచ్చేది తల్లిగారే. వాళ్లు వచ్చేదాకా శవాన్ని లేపరు. దినాలయ్యాక ఆమెను తమ ఇంటికి నిద్రకు తీసుకుపోయేదీ వాళ్లే, నువ్వు ఒక్కదానివి కాదని చెప్పడానికి.

"తల్లిగారు లేనోల్లకో?" అంది.

"ఎవరో ఒకరుంటరు. నీకు మేమున్నం గదా" అన్నాను.

ఆమె నేర్చుకునే పిల్లలా మళ్లీ ఒకసారి అంతా అప్పజెప్పించుకుంది. మా ఊరి పిల్లయితే ఇందులో ఏది ఆచారమో, ఏది మాటవరసో పుట్టుకతోనే తెలిసేది. తల్లిగారని పిలుచుకునే ఇళ్లు ఊళ్లో బోలెడు. ఎవరూ వాటి మీద బరువు వెయ్యరు. ఆ తేడా నేను చెప్పలేదు. ఉందని నాకూ తెలియదు. వయసు చిన్నదని నన్ను నేను వెనకేసుకు రావచ్చు కాని, ఏం లాభం.

ఆ సాయంత్రం ఆమె పెట్టె తాడు విప్పింది. అన్నకు జాబు రాయించింది, మేం రాము, నాకిక్కడ తల్లిగారున్నారు అని. మొగుడు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత సర్దుకున్నాడు. కాలనీలో వాళ్లకు రావాల్సిన ఇల్లు ఇంకెవరికో పోయింది.

ఏడాది తర్వాత చెరకు పనికి దగ్గరగా ఉంటుందని వాళ్లు ఎడపల్లికి మారారు. దూరమేం కాదు. నెలకోసారి ఆమె బస్సెక్కి వచ్చేది, వచ్చినప్పుడల్లా ఇంటి ఆడబిడ్డలాగే నేరుగా వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసేది. అవ్వ మురిసిపోయేది. ఇటు నాకు బోధన్ సంబంధం కుదిరింది. బట్టల దుకాణంలో గుమాస్తా. ముహూర్తం చెరకు సీజన్ మధ్యలో పడింది. ఇంటికి సున్నం కొట్టించారు, పందిరి గుంజలు తెప్పించారు, పసుపు దంచడానికి రోలు కడిగి పెట్టారు.

పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుందనగా, పొద్దున పది పదకొండు గంటల వేళ, ఎడపల్లి నుంచి ఒక బండి మనిషి వచ్చాడు. చెరకు బండ్లు తోలేవాడు. వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అవ్వా, మీ అల్లుడు పోయిండు. కాలువకట్ట మీద బండి బోర్లపడ్డది. తెల్లారంగ అయ్యింది" అన్నాడు.

అవ్వ అయ్యో అని నెత్తి మీద చేతులు పెట్టుకుంది. కన్నీళ్లు వచ్చాయి, నిజమైన కన్నీళ్లే. లోపలికి పోయి సందూకు తెరిచి ఒక చీర తీసింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. చీర చేతిలో పట్టుకుని ఆమె వెనక్కి తిరిగింది. ఎదురుగా కొత్త సున్నం గోడ, గోడకు ఆనించిన పందిరి గుంజలు. వాటిని చూసింది. నన్ను చూసింది. ఆ చూపులో ఆమె ఏం లెక్కవేసిందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే లెక్క వేస్తున్నాను. చీర తీసుకుని పోతే మేం తల్లిగారమని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే ఇంటికి మైల. మైల ఇంట్లో పెళ్లి చెయ్యరు. పైగా దినాలయ్యాక ఆమెను నిద్రకు తీసుకురావాలి. అంటే పెళ్లిపందిరి ఇంకా తియ్యకముందే ముండమోసిన మనిషిని తీసుకొచ్చినట్టు. వచ్చాక మళ్లీ ఆమె ఎక్కడికి పోతుంది?

అవ్వ చీర మడత చెదరకుండా సందూకులో పెట్టి మూత వేసింది. బయటికి వచ్చి అంది.

"వాళ్లు మా ఇంట్ల కిరాయికున్నోళ్లయ్యా. గంతే. మాకు చుట్టరికం ఏం లేదు."

బండి మనిషికి అర్థం కాలేదు.

"ఆమె పీనుగును లేవనిస్తలేదవ్వా. మా తల్లిగారొస్తరు, గుడ్డ తెస్తరు, అప్పటిదాంక ముట్టొద్దంటున్నది. మీ ఇల్లే జెప్పింది. రైల్వే గేటు దాటినంక మూడోది అన్నది."

"రామని జెప్పు. ఇంట్ల లగ్గమున్నది."

అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఏడుస్తున్నానని అతను అనుకుని ఉంటాడు. నేను ఏడవలేదు. నా పెళ్లి ఆగదని నాకు గుండె కుదుటపడింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

బాపు సాయంత్రం వచ్చాడు. విన్నాడు. చాలాసేపు మొహం కడుక్కున్నాడు. "తప్పు జేసినవ్" అన్నాడు. "అయితె నువ్వు పో" అంది అవ్వ. ఆయన పోలేదు.

అక్కడ ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పెళ్లయి బోధన్ పోయాక, ఆ బండి మనిషి ఒకసారి అంగట్లో కనబడితే నేనే పలకరించాను. అతను చెప్పడానికి ఇష్టపడలేదు. అడిగితే చెప్పాడు.

అతను తిరిగి పోయి, వాళ్లు రారమ్మా, ఏమీ కామన్నరు అని చెబితే ఆమె నమ్మలేదట. నువ్వు ఇల్లు తప్పినవు అందట. మా అవ్వ అట్ల అనదు, నువ్వు వేరే ఇంట్ల అడిగొచ్చినవు అందట. ఊరి పెద్దలు నచ్చజెప్పారు. ఎండాకాలం కాకపోయినా పీనుగు పీనుగే కదా. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నిజామాబాద్ బస్సు ఆగిన ప్రతిసారీ లేచి రోడ్డు మీదికి పోయి, దిగేవాళ్లను చూసి వచ్చేది. నాలుగు బస్సులు వచ్చాయి. నాలుగో బస్సు పోయాక, పొద్దు గూకుతుండగా, అవతలి ఇంటి గాజుల సాయిబు భార్య తన పెట్టెలోంచి కట్టని చీర ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ ఇద్దరికీ అంతకుముందు పెద్దగా మాటలే లేవు. బిడ్డా అనలేదు, నేనున్నా అనలేదు. చీర పెట్టి, శవం లేచేదాకా అక్కడే నిలబడి, పొయ్యి మీద అన్నం ఉందని పోయిందట.

"గప్పుడు లేవనిచ్చింది" అన్నాడు బండి మనిషి.

నా పెళ్లి బాగా జరిగింది. దాని గురించి ఇక్కడ రాయను.

తల్లిగారింట్లో కాన్పయి కూతురితో తిరిగొచ్చాక, పాపను తొట్టెలలో వేసిన రోజు మా వాళ్లంతా బోధన్ వచ్చారు. భోజనాలయ్యాక మా అత్తగారి తరపు ఆడవాళ్ల మధ్య అవ్వ చతికిలబడి కథ మొదలుపెట్టింది. ఓడ దిగి వచ్చిన పిల్ల, తాడు విప్పని పెట్టె, లావు బీడీలు, ఆకుపచ్చ చీర, అయిదు దోసిళ్ల బియ్యం. ఎంత బాగా చెప్పిందంటే మా అత్త కళ్లొత్తుకుంది.

"ఇప్పుడు యాడున్నదొదినా ఆ పిల్ల?" అని ఎవరో అడిగారు.

"బాగనే ఉన్నది, ఎడపల్లిల" అంది అవ్వ, తడబడకుండా. కథలో రెండో సగం ఆమె అబద్ధమాడి దాచడం లేదు. నిజంగానే మరిచిపోయింది. తనకు నచ్చని దాన్ని అంత శుభ్రంగా మరిచిపోయే మనిషిని మళ్లీ చూడలేదు. నాకు ఒళ్లు మండింది. అయినా పాప ఏడుస్తోందని లేచి పోయాను.

ఆ వారమే మా ఆయన దుకాణం నుంచి మంచి నేత చీర ఒకటి తెప్పించుకుని, పాపను అత్తకు అప్పజెప్పి, ఎడపల్లి బస్సెక్కాను. ఎందుకు పోయానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఆమె ఏడ్చి నన్ను కావలించుకుంటుందని, చెల్లే నీ తప్పేమున్నదే అంటుందని ఆశ. ఆ మాట విని తేలిగ్గా ఇంటికి రావచ్చని. ఓదార్పు ఆమెకివ్వడానికి కాదు, ఆమె దగ్గర తెచ్చుకోవడానికి పోయాను.

గాజుల సాయిబు ఇంటి ఎదుట చిన్న కొట్టం. ఆమె బయట చాప మీద కూర్చుని బీడీలు చుడుతోంది. బాగా చిక్కింది, కాని చేతుల వేగం తగ్గలేదు. నన్ను చూసింది. గుర్తుపట్టింది. లేవలేదు.

"అక్కా" అన్నాను.

"కూసో" అంది. మా మాట ఆమెకు పూర్తిగా వచ్చేసింది.

కూర్చున్నాను. చీర తీసి చాప మీద పెట్టాను. ఆమె దాన్ని చూసి, మళ్లీ ఆకు కత్తిరించుకుంది.

"నీ లగ్గం మంచిగయ్యిందా?" అంది.

"అయ్యింది."

"ముహూర్తం తప్పలే గదా?"

"తప్పలేదు" అన్నాను. ఆమె గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. వెటకారం ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

"అక్కా, అవ్వ చేసింది తప్పే. నేను కూడా..."

"రంగూన్ల ఓడెక్కిననాడు మాకెవ్వరు లేరని నాకు తెలుసు" అంది ఆమె, నా మాట పూర్తి కానియ్యకుండా. "తాత ఊర్ల గడప మీద నిలవెట్టిననాడు గూడ తెలుసు. ఎవ్వరు లేరని తెలిస్తే బతుకొచ్చు, అదేం పెద్ద కష్టం గాదు. మీ అవ్వ నాకు ఆ తెలివి తీసేసింది. మా అన్న పిలిస్తె పోకపోతిని. మా ఆయన బతిమాలిండు, ఇనకపోతిని. ఆడికి పోయుంటె ఆయినె ఆ కాలువకట్ట మీద ఎందుకుంటుండె?"

ఆమె కట్టకు దారం చుట్టి పళ్లతో తెంపింది.

ఇంతలో ఒక చిన్న వయసు అమ్మాయి చంకన బిడ్డతో వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె మాట వినగానే తెలిసింది, వాళ్లూ బర్మా నుంచి వచ్చినవాళ్లే, ఎక్కడెక్కడో తిరిగి వారం కిందట ఎడపల్లి చేరారు. ఇంటి యజమానురాలు చాలా మంచిదని, కన్నకూతురిలా చూసుకుంటానందని, తనను అమ్మా అని పిలవమందని చెబుతూ మళ్లీ ఏడ్చింది.

బర్మా అక్క చేతిలో పని ఆపింది. నేను వచ్చాక ఆపడం అదే మొదటిసారి. ఆ అమ్మాయితో తన పాత తెలుగులోకి మారింది.

"ఏడు. కడుపు నిండా ఏడు, తప్పులేదు. పిల్లకి పాలిచ్చి ఏడు. ఆవిడ పెట్టింది తిను, దండం పెట్టు. అమ్మా అని మాత్రం పిలవకు. నీకిక్కడ ఎవరూ లేరు. నాకూ లేరు. రేపు పొద్దున్న రా, రేసన్ కార్డు ఎక్కడ రాత్తారో సూపిత్తాను. అన్నగాని తమ్ముడుగాని ఉంటే ఈ రోజే జాబు రాయించు."

ఆ అమ్మాయి తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. విచిత్రం ఏమిటంటే, ఆ మాటలకు ఆమె మొహం తేటపడింది. మా అరుగు మీద అంతమంది ఆడవాళ్లం తాయెత్తులతో, షర్బత్‌తో, బియ్యంతో ఇవ్వలేనిది ఆమె నాలుగు కటువు మాటల్లో ఇచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి నన్ను గమనించింది. చాప మీది చీరను కూడా చూసింది.

"ఎవరప్పా ఈవిడ?" అని అడిగింది.

"చీరలమ్ముకునే ఆవిడ. మనకొద్దని చెప్పీసాను" అంది బర్మా అక్క, చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంటూ.

నేను చీర మడత పెట్టుకుని లేచాను. బోధన్ బస్సుకు ఇంకా గంట ఉంది. రోడ్డు మీద నిలబడ్డాను.